గేటు దాటిందా లేదా: మా లైను సర్వీసాటోల ట్రాకర్, ప్రాజెక్టు డైరీ

నవంబరు మొదట్లో

గుంటూరు నుంచి వచ్చే రోడ్డు అటు తెనాలికి, ఇటు పొన్నూరుకి విడిపోయేది నారాకోడూరు సెంటర్లో. సెంటర్ దాకా బండ్లకి కరువు లేదు, పల్లెవెలుగులు, సర్వీసాటోలు, వడ్లమూడి వైపు పోయే కాలేజీ బస్సులు, చెయ్యెత్తితే ఏదో ఒకటి ఆగుద్ది. గొడవంతా అక్కణ్ణుంచి లోపలి ఊళ్ళకి. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు అలాంటిదే (పేరు రాయట్లేదు, డ్రైవర్లు వద్దన్నారు, ఎందుకో కింద తెలుస్తది), సెంటర్ నుంచి నాలుగైదు కిలోమీటర్లు, మధ్యలో గుంటూరు తెనాలి రైలు లైను గేటు ఒకటి. బస్సు ట్రిప్పులు పొద్దునా సాయంత్రం కొన్ని, మిగతాదంతా ఐదారు ఆటోల మీదే నడుస్తది. వాటికి టైం టేబుల్ అంటూ ఏమీ ఉండదు, నిండితే కదులుద్ది, నిండకపోతే డ్రైవర్ ఇంకో టీ తాగుతాడు, అంతే. ఊళ్ళో వాళ్ళేమో రావిచెట్టు కింద కూర్చుని రోడ్డు వైపు చూస్తా ఉంటారు, వచ్చినప్పుడు వచ్చిద్ది అనుకుంటా.

నేను ఈసీఈ చదివి ఇప్పుడు గుంటూరులో వేరే ఉద్యోగం చేసుకుంటున్నా, సాయంత్రాలు ఖాళీ. కాబట్టి ప్లాన్ ఏంటంటే ఆటోల్లో జీపీఎస్ పెట్టి, ఏ ఆటో ఎక్కడుందో ఊళ్ళో వాళ్ళకి తెలిసేలా చెయ్యడం. మా పిన్ని వాళ్ళాయన, బాబాయ్, అదే లైన్లో ఆటో తోలతాడు కాబట్టి మొదటి గినీ పంది ఆయనే.

బస్సులకి ట్రాకర్ పెట్టే ఆలోచన మొదట్లోనే వదిలేశా. ఆర్టీసీకి లైవ్ ట్రాక్ యాప్ ఎప్పట్నుంచో ఉంది, పైగా 2019 జనవరి 1 తర్వాత రిజిస్టరైన పబ్లిక్ సర్వీసు వాహనాలకి ఏఐఎస్-140 అనే ప్రమాణం ప్రకారం చేసిన ట్రాకరు, ఎమర్జెన్సీ బటను ఉండాలని కేంద్రం రూలు. కాకపోతే అదే రూల్లో మూడు చక్రాల బండ్లకి మినహాయింపు ఇచ్చారు. అంటే మా లైన్లో రోజంతా జనాన్ని మోసే బండికే ట్రాకర్ లేదన్నమాట.

నవంబరు, బోర్డు పని

సామాను: ఈఎస్పీ32 బోర్డు (మన కోడ్ నడిచేది ఇందులోనే), నియో-6ఎం జీపీఎస్, సిమ్800ఎల్ జీఎస్ఎం మాడ్యూలు (సిమ్ వేసి ఫోన్ నెట్‌వర్క్‌కి కలిపేది), ఆటో 12 వోల్టుల నుంచి కిందకి దించడానికి ఎల్ఎం2596 బక్ కన్వర్టరు. మొత్తం వెయ్యి చిల్లరలో అయిపోయింది. జీపీఎస్ డాబా మీద పెడితే అర నిమిషంలో ఫిక్స్ ఇచ్చింది, అంటే తనెక్కడుందో పట్టేసింది, ఇబ్బంది లేదు. సిమ్800ఎల్ మాత్రం సరిగ్గా నెట్‌వర్క్ పట్టుకునే టైంకి రీస్టార్ట్ అయిపోతా ఉండేది. ఇది ఆ మాడ్యూలు వాడిన ప్రతి ఒక్కళ్ళకీ తెలిసిన రోగమే, సిగ్నల్ పంపేటప్పుడు క్షణకాలం 2 ఆంపియర్ల దాకా లాగుద్ది, ఆ క్షణంలో సప్లై 3.4 వోల్టుల కిందకి జారితే ఆరిపోద్ది, పోనీ ఎక్కువ ఇద్దామా అంటే 4.4 దాటకూడదు. విజయవాడ గవర్నరుపేట నుంచి లావు కెపాసిటర్లు తెచ్చి పెడితే కొంత తగ్గింది. పూర్తిగా పోయింది మాత్రం మాడ్యూలుకి నేరుగా ఒక 18650 లిథియం సెల్లు తగిలించి, ఆటో బ్యాటరీతో ఆ సెల్లుని ఛార్జి చేసేలా మార్చాక. సెల్లు వోల్టేజి 3.7 నుంచి 4.2 మధ్యలోనే ఆడుద్ది కదా, దానికి కావాల్సింది సరిగ్గా అదే. ఇంకో లాభం, డ్రైవర్ కీ తీసేసినా బోర్డు బతికే ఉంటది.

ఎవరైనా కొత్తగా మొదలుపెడితే ఒకటి చూసుకోండి. జీపీఎస్ మాడ్యూలు ఇచ్చే 1618.5 అనే అంకె 16.185 డిగ్రీలు కాదు, 16 డిగ్రీల 18.5 నిమిషాలు, అంటే 16.308. ఆ నిమిషాల్ని 60తో భాగించకుండా నేరుగా మ్యాపులో వేస్తే గుంటూరులో ఉన్న ఆటో చిలకలూరిపేట వైపు ఎక్కడో పొలాల్లో కనపడుద్ది. లైబ్రరీలు వాడితే అవే చూసుకుంటాయి, సొంతంగా కోడ్ రాసుకునే వాళ్ళకి చెప్తున్నా.

నవంబరు చివర, ఆటో స్టాండు

సాంకేతికం పక్కన పెట్టి అసలు కష్టం రాస్తా. బోర్డు పట్టుకుని స్టాండుకెళ్తే బాబాయ్ ఒక్కడే సరే అన్నాడు, అదీ పిన్ని మొహం చూసి. మిగతా వాళ్ళంతా చేతులు కట్టుకుని నిలబడ్డారు. అందర్లోకీ పెద్దాయన, ముప్పై ఏళ్ళ నుంచి ఆటో తోలతన్నాడంట, బాక్సు తిరగేసి చూసి, "ఏందబ్బాయ్ ఇది, ఆర్టీవో వాళ్ళకి గూడా కనపడిద్దా?" అన్నాడు. కనపడదు పెదనాన్నా అన్నా. "పోనీ బేరానికి పోతే?" అని ఇంకో అన్న. "ఫైనాన్సోడికి తెలిసిపోయిద్దిరా బండి యాడుందో" అని వెనకాల నుంచి ఇంకొకాయన. చివర్లో ఒకాయన అన్నాడు, వాళ్ళావిడకి తెలియకూడదు అని, అందరూ నవ్వారు కానీ ఆయన సీరియస్సే.

వాళ్ళ అనుమానం వాళ్ళది, అది తీసిపారేసేది కాదు. పైగా టైం కూడా అలాంటిది. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి మొదలయ్యాక పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్ళకి టికెట్టు లేదు, మంచిదే, మా పిన్ని నెలకి ఎంత మిగులుతుందో లెక్క కూడా చెప్తది. అదే ఇంట్లో బాబాయ్ మాత్రం, సీట్లో సగం మంది పోయారు అంటాడు. అక్టోబరులో "ఆటో డ్రైవర్ల సేవలో" అని 15,000 రూపాయలు ఖాతాలో వేశారు, తీసుకున్నారు, కానీ అది ఏడాదికి, రోజూ సాయంత్రం జేబులో పడేది వేరు. అలాంటప్పుడు ఒకడొచ్చి నీ బండి ఎక్కడుందో అందరికీ చూపిస్తా అంటే నాకేంటి లాభం అని అడుగుతారు, నేనైనా అడుగుతా.

అక్కడికక్కడ ఒప్పుకున్నవి మూడు. ఒకటి, సెంటర్ నుంచి ఊరి దాకా ఉన్న రోడ్డుకి అటూ ఇటూ గీత గీసి, ఆ గీత దాటితే బోర్డే లొకేషన్ పంపడం మానేస్తది, సర్వర్‌కి వచ్చాక దాచడం కాదు, అసలు బయటకే పోదు. రెండు, డ్యాష్‌బోర్డు మీద స్విచ్ ఉంటది, ఆపేస్తే ఎందుకు ఆపావని ఎవరూ అడగరు. మూడు, ఊరి పేరు, బండి నంబర్లు ఎక్కడా రాయకూడదు. కాబట్టి ఈ డైరీలో కూడా లేవు.

దీనికి ఫోనే పెట్టొచ్చుగా, బోర్డెందుకు అని ఆఫీసులో ఫ్రెండ్ అడిగాడు. ట్రాక్‌కార్ అని ఓపెన్ సోర్స్ సర్వర్ ఉంది, దాని క్లయింట్ యాప్ వేస్తే ఫోనే ట్రాకర్ అయిపోద్ది. బాబాయ్ ఫోన్లో వేసి చూశా. బ్యాటరీ ఆప్టిమైజేషన్ పేరుతో ఫోనే ఆ యాప్‌ని చంపేస్తది, సెట్టింగ్స్‌లో ఆపేస్తే అప్‌డేట్ వచ్చినప్పుడు మళ్ళీ మొదటికొస్తది. పైగా డేటా మధ్యాహ్నానికే అయిపోయి ఉంటది, ఎందుకని అడగొద్దు, ఖాళీ టైంలో వీడియోలు చూసుకోక ఏం చేస్తాడు మనిషి.

డిసెంబరు

బాక్సు ఆటోలో ఎక్కింది. మొదట డ్రైవర్ సీటు కింద పెడదామనుకున్నా, అక్కడ చుట్టూ రేకే, జీపీఎస్‌కి ఆకాశం కనపడదు. పైన హుడ్డు మాత్రం రెగ్జిన్, దాని గుండా సిగ్నల్ బ్రహ్మాండంగా దిగుద్ది, కాబట్టి యాంటెన్నా ఒక్కటి పైకి తీసి హుడ్డు కమ్మీకి కట్టేశా. కారు కంటే ఆటోకి ట్రాకర్ పెట్టడం తేలిక అని అప్పుడే అర్థమైంది. తేలిక కానిది ఊపు. లోపలి రోడ్డు మీద రెండ్రోజులు తిరిగేసరికి జంపర్ వైర్లన్నీ ఊడొచ్చాయి. అన్నీ పీకేసి పెర్ఫ్ బోర్డు మీద సోల్డర్ చేసి, కనెక్టర్ల మీద సిలికాన్ పోశా. హాట్ గ్లూ వాడలేదు, గుంటూరు ఎండల్లో మే నెలకి అది మళ్ళీ మెత్తబడుద్ది.

నెట్‌వర్క్ సంగతి. సిమ్800ఎల్ 2జీ మాత్రమే, జియోకి మొదట్నుంచీ 2జీ లేదు, కాబట్టి ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ లాంటివే వెయ్యాలి. సెంటర్లో బానే పోతుంది కానీ లోపలి రోడ్డు మీద కాలవ దాటాక 2జీ డేటా పోతా వస్తా ఉంది. 4జీ మాడ్యూలు, ఎ7672ఎస్, తెప్పించి పెడితే ఆ బాధ పోయింది, ధర మాత్రం ఎక్కువ. డేటా ఖర్చు భయపడేంత ఏమీ లేదు, 15 సెకన్లకి ఒకసారి వంద బైట్లు అనుకున్నా 12 గంటలకి 2,880 సార్లు, అంటే 300 కేబీ లోపే, వెబ్ పేజీలు వాడే హెచ్‌టీటీపీతో పంపితే హెడర్ల బరువే ఎక్కువవుద్ది కాబట్టి చిన్న మెసేజీలకి సరిపోయే ఎంక్యూటీటీ పెట్టా. సిగ్నల్ లేనప్పుడు పాయింట్లు బోర్డు మెమరీలో దాచుకుని దొరికినప్పుడు ఒకేసారి తోసేస్తది. పీకేసిన సిమ్800ఎల్‌లు డబ్బాలో పడేశా, అవి తర్వాత ఎందుకు పనికొచ్చాయో జనవరిలో చూడండి.

డిసెంబరు చివరికి బాబాయ్‌తో కలిపి మూడు ఆటోల్లో తిరుగుతున్నాయి. వెబ్ పేజీలో మ్యాపు, మ్యాపు మీద చుక్కలు కదులుతున్నాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంది. చూసేది నేనొక్కణ్ణే, అదొక్కటే లోటు.

జనవరి, ఎవరు చూస్తారు

రావిచెట్టు కింద కూర్చునే వాళ్ళెవరో ఒకసారి లెక్కేస్తే తెలిసిపోద్ది. ఆస్పత్రికెళ్ళే ముసలాళ్ళు, టౌన్లో పనికెళ్ళే ఆడవాళ్ళు, ఇంటర్ పిల్లలు. పిల్లల దగ్గర ఫోనుంటది, వాళ్ళకి లింకు చాలు. మిగతా వాళ్ళలో చాలామందికి కీప్యాడ్ ఫోను, స్మార్ట్ ఫోనున్నా అది ఇంట్లో కొడుకు దగ్గరుంటది. మన మిత్ర (ప్రభుత్వం వాట్సాప్ సర్వీసు) వచ్చాక వాట్సాప్‌లో సర్టిఫికెట్లు తీసుకోవడం ఊళ్ళో బానే అలవాటైంది, కానీ అది ఒకసారి చేసే పని, ఎవరో ఒకళ్ళు చేసిపెడతారు. ఆటో ఎక్కడుందని రోజూ పక్కింటబ్బాయిని అడగలేరుగా.

ఎస్సెమ్మెస్ అనుకున్నా. రెండు అడ్డంకులు. మొదటిది డీఎల్‌టీ, ట్రాయ్ రూలు ప్రకారం సాఫ్ట్‌వేర్ నుంచి జనానికి మెసేజీలు పంపాలంటే ముందు ఏదో ఒక సంస్థ పేరున రిజిస్టరవ్వాలి, హెడరు (మెసేజీ పైన కనపడే పంపినోళ్ళ పేరు) తీసుకోవాలి, ప్రతి మెసేజీ టెంప్లేటూ ముందే ఆమోదం చేయించుకోవాలి. స్పామ్ ఆపడానికి పెట్టారు, న్యాయమే, కానీ ఐదు ఆటోలకి అంత తతంగం ఎవడు పడతాడు. రెండోది, ఇంగ్లీషు మెసేజీకి 160 అక్షరాలు పడితే తెలుగుకి 70 మాత్రమే, అందులో గుణింతం గుర్తులూ ఒత్తులూ అన్నీ విడివిడిగా లెక్క, నారాకోడూరు అని రాయడానికే 10 అయిపోతాయి. చదవడం రాని వాళ్ళ సంగతి సరేసరి.

మిగిలింది ఫోన్ కాల్. నంబర్‌కి ఫోన్ చేస్తే గొంతు చెప్పాలి. కంపెనీల ఐవీఆర్ (రికార్డు గొంతుతో జవాబు చెప్పే) సర్వీసులు నెలనెలా అద్దె అడుగుతాయి, కాబట్టి సొంతంగా కట్టేశా. డబ్బాలో పడేసిన సిమ్800ఎల్ ఒకటి తీసి గుంటూరులో మా గదిలో పెట్టా (టౌన్లో 2జీ బానే ఉంటది, కాల్‌కి అది చాలు). దాని పక్కన డీఎఫ్‌ప్లేయర్ మినీ అనే చిన్న ఎంపీ3 ప్లేయరు, దాని మెమరీ కార్డులో రికార్డు చేసిన మాటలు. ఫోన్ మోగితే ఈఎస్పీ32 ఎత్తుద్ది, సర్వర్ నుంచి ఆటో ఎక్కడుందో వైఫైలో అప్పటికే తెచ్చుకుని ఉంటది, దానికి తగ్గ ముక్కలు వరసగా ప్లే చేసి పెట్టేస్తది. ప్లేయర్ నుంచి వచ్చే సౌండు మైక్ పిన్నుకి నేరుగా ఇస్తే పగిలిపోయి వినపడుద్ది, రెండు రెసిస్టర్లతో పదో వంతుకి తగ్గించి, మధ్యలో ఒక కెపాసిటర్ పెట్టాలి. అప్పుడు కూడా వెనకాల జుయ్‌మని ఒక రొద ఉంటది, అది 2జీ రేడియో సెకనుకి 217 సార్లు కొట్టుకునే చప్పుడు, పాత రోజుల్లో స్పీకర్ పక్కన ఫోను పెడితే వచ్చేది చూడండి, అదే. వైర్లు పొట్టిగా కత్తిరించి, గ్రౌండు ఒకే చోట కలిపితే చాలావరకు తగ్గింది.

గొంతు పిన్నిది. ముందు నేను రికార్డ్ చేసి వినిపిస్తే రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంట్‌లాగా ఉందంది, సరే నువ్వే చెప్పు అన్నా. ఒక పూటలో అన్ని ముక్కలూ చెప్పేసింది, "ఆటో ఇంకా సెంటర్లోనే ఉందమ్మా", "కాలవ దాటింది", "లైన్లో ఆటోలేం లేవు ఇప్పుడు". వెనకాల ఒక దాంట్లో కుక్కర్ విజిల్ వినపడుద్ది, మళ్ళీ చెప్పమంటే బానే ఉందిలే అంది.

జనవరి, పండగ తర్వాత, గేటు

ఇప్పుడు ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన ముక్క.

మొదట నిమిషాలు చెప్పించా. "పది నిమిషాల్లో వస్తుంది" అని. లెక్క కూడా మంచిదే, దూరం, ఆ గంటలో ఆ రోడ్డు మీద మామూలుగా ఉండే వేగం, అన్నీ కలిపి. కానీ ఆటో మధ్యలో ఆగుద్ది, ఎవరో గడ్డిమోపు ఎక్కిస్తారు, ఇంకెవరో చిల్లర లేదంటారు, అన్నింటికీ మించి గేటు. గేటు పడిందంటే ఒక్కోసారి రెండు రైళ్ళు పోయిందాకా తియ్యరు. పది నిమిషాలు అన్నది ఇరవై అయితే జనం ఆటోని తిట్టరు, ఫోన్ని తిడతారు, రెండుసార్లు అలా అయితే మళ్ళీ ఫోన్ చెయ్యరు.

డేటా చూస్తే గేటు చాలా స్పష్టంగా కనపడుతోంది. గేటుకి వంద మీటర్ల లోపల బండి వేగం సున్నా, రెండు నిమిషాలు దాటింది, అంటే గేటు పడింది, ఇంకేం లేదు, అక్కడ ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఉండరు. రెండు ఆటోలు ఒకేసారి అటొకటి ఇటొకటి ఆగి ఉంటే ఇక అనుమానమే లేదు. రైళ్ళ టైం టేబుల్ చూడక్కర్లేదు, గూడ్సు బండ్లు ఎలాగూ అందులో ఉండవు.

కాబట్టి నిమిషాలు మొత్తం తీసిపారేశా. ఇప్పుడు ఫోన్ చేస్తే ఊరికి ఇటువైపు నాలుగు సంగతులే చెప్తది: సెంటర్లో ఉంది, బయలుదేరింది, గేటు దగ్గర ఆగింది, గేటు దాటింది. గేటు దాటిందంటే ఊళ్ళో ప్రతి ఒక్కళ్ళకీ తెలుసు ఎంతసేపో, వాళ్ళు చిన్నప్పట్నుంచి ఆ రోడ్డు మీద నడిచినోళ్ళు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మకి ఒక లెక్క, ఇంటర్ పిల్లోడికి ఇంకో లెక్క. అంచనా వాళ్ళకి వదిలేస్తే మన సిస్టం అబద్ధం చెప్పే అవకాశమే ఉండదు. సిటీ యాప్‌లన్నీ నిమిషాల మీదే నడుస్తాయి, అక్కడ దారి తెలియని వాడు కూడా ఎక్కుతాడు కాబట్టి. మా లైన్లో ఎక్కేవాళ్ళకి దారి మనకంటే బాగా తెలుసు, తెలియంది ఒక్కటే, బండి కదిలిందా లేదా అని.

ఫిబ్రవరి, ఒకటి నొక్కండి

ఊళ్ళో వాళ్ళు వాడుతున్నారు, కాల్స్ వస్తున్నాయి, డ్రైవర్లకి మాత్రం ఇంకా నాకేంటి అనే ఉంది. స్టాండులో పెద్దాయన అన్నమాట పట్టుకున్నా: "వాళ్ళకి నేను కనపడతన్నా సరే, నాకు వాళ్ళు కనపడొద్దా?" కరెక్టే కదా. సెంటర్లో ఆటో నిండక కూర్చునేది ఎందుకు, ఊళ్ళో తిరుగు ప్రయాణానికి ఎవరైనా ఉన్నారో లేదో తెలియక.

సిమ్800ఎల్‌కి డీడీఈటీ అని ఒక కమాండు ఉంది, అది ఆన్ చేస్తే అవతలి వాళ్ళు ఏ నంబరు నొక్కారో చెప్తది. పిన్నితో ఇంకో ముక్క చెప్పించా, "సెంటర్‌కి వస్తానంటే ఒకటి నొక్కమ్మా". నొక్కిన వాళ్ళ లెక్క ఎంక్యూటీటీలో ఆటోలోకి పోద్ది, డ్యాష్‌బోర్డు మీద టీఎం1637 డిస్‌ప్లే, పాత డిజిటల్ గడియారంలో ఉండే ఎర్రంకెలు, అందులో 4 అని వెలుగుద్ది. ఊళ్ళో నలుగురున్నారు అని. అంతే. ముగ్గురితో కదలని ఆటో అటు నలుగురున్నారంటే ముగ్గురితో కదిలింది. ఇది పెట్టిన వారంలో మిగతా డ్రైవర్లు వాళ్ళంతట వాళ్ళే వచ్చి మా బండికెప్పుడు పెడతావ్ అని అడిగారు.

పిల్లలు ఊరికే నొక్కుతారని తెలిసిందే, ఒక నంబర్ నుంచి గంటకి ఒక్కటే లెక్క పెట్టేలా చేశా. నంబర్లు అలాగే దాచట్లేదు, హ్యాష్ చేసి, అంటే అసలు నంబరు కనపడని కోడుగా మార్చి, రోజు చివర చెరిపేస్తున్నా. 2023లో వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది, అది మనలాంటి వాళ్ళని ఎంతవరకు పట్టుకుంటదో పక్కన పెడితే, ఎవరు ఎప్పుడు ఊళ్ళోంచి బయటకెళ్తారో అన్న లెక్క ఎవడి దగ్గరా ఉండకూడదు, నా దగ్గర కూడా.

బస్సు గురించి అడిగేవాళ్ళే ఎక్కువ, ముఖ్యంగా ఆడవాళ్ళు, "బస్సు వెనకాలుంటే ఆటో ఎందుకెక్కుతా" అని మా పిన్నే అంటది. బస్సులో నేను బాక్సు పెట్టలేను. దీనికి సెంటర్లో టీ కొట్టాయన సాయం చేశాడు. ఊరి బస్సు సెంటర్లో లోపలికి తిరగ్గానే ఆయన మా బాక్సుకి ఒక మిస్డ్ కాల్ ఇస్తాడు. క్లిప్ కమాండుతో ఎవరి నంబరో ముందే తెలుస్తది, ఆయన నంబరైతే ఎత్తకుండా కట్ చేసి "బస్సు సెంటర్ దాటింది" అని రాసుకుంటది. కొత్త పార్టు ఒక్కటీ లేదు. ఆటోవాళ్ళు దీనికి ఒప్పుకోరేమో అనుకున్నా కానీ ఏమీ అనలేదు, బస్సు నిండిపోతే మిగిలినోళ్ళు మావైపే కదా అన్నాడు బాబాయ్.

ఫిబ్రవరి చివర

మిరపకోతలు. ప్రత్తిపాడు వైపు కూలీలని తీసుకెళ్ళే బేరాలు తెల్లారగట్లే మొదలవుతాయి, ముఠా మేస్త్రి ముందు రోజు రాత్రే ఆటోలు మాట్లాడేసుకుంటాడు, సీజన్లో నాలుగు డబ్బులొచ్చేది అక్కడే, ఎవడు వదులుకుంటాడు. దాంతో పొద్దున 8, 9 దాకా లైన్లో ఒక్క ఆటో ఉండట్లేదు. గీత దాటితే బోర్డు మాట్లాడదు కాబట్టి సిస్టమ్‌కి తెలిసేది కూడా ఆటోలు లేవు అనే, "లైన్లో ఆటోలేం లేవు ఇప్పుడు" అని పిన్ని గొంతు చెప్పేస్తది. ఇది చూసి కాల్స్ తగ్గుతాయనుకున్నా, పెరిగాయి. లేదని తెలిస్తే చెట్టు కింద కూర్చోరు, బండున్న వాళ్ళతో సెంటర్ దాకా పోతారు, లేకపోతే పని చూసుకుని తర్వాత మళ్ళీ చేస్తారు.

జీటీఎఫ్ఎస్ గురించి ఒక మాట, ఎందుకంటే ఇలాంటి ప్రాజెక్టు అనగానే అందరూ మొదట అదే అడుగుతారు. 2005లో అమెరికాలో పోర్ట్‌లాండ్ ట్రాన్సిట్ సంస్థ ట్రైమెట్, గూగుల్ కలిసి మొదలుపెట్టిన, బస్సుల రూట్లూ టైములూ మ్యాపు యాప్‌లు చదివేలా రాసే ఫార్మాట్, ఇప్పుడు ప్రపంచమంతా వాడుతుంది. స్టాపులు, రూట్లు, ట్రిప్పులు, ఏ స్టాపులో ఎన్నింటికి, అన్నీ చిన్న టెక్స్ట్ ఫైళ్ళు. నైరోబీలో మటాటులని మన సర్వీసాటోల్లాంటి ప్రైవేటు వ్యాన్లు ఉంటాయి, అక్కడి యూనివర్సిటీ వాళ్ళూ ఎంఐటీ, కొలంబియా వాళ్ళూ కలిసి ఫోన్లతో ఆ రూట్లన్నీ ఎక్కి తిరిగి జీటీఎఫ్ఎస్‌లోకి ఎక్కించి 2014లో మ్యాపు తెచ్చారు, చాలా గొప్ప పని. నేను కూడా కూర్చుని రాశా. స్టాపులూ రూటూ హాయిగా వచ్చేశాయి, టైముల ఫైలు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది, ఎంత గ్యాపుకి ఒకటి అని రాసే ఫ్రీక్వెన్సీల ఫైలు ఉంది కానీ నిండితే కదిలే బండికి గ్యాపు ఎంతని రాస్తాం, అదీ మిరపకోతల్లో ఒకటి, వానాకాలంలో ఒకటి. పిలిస్తే వచ్చే బండ్ల కోసం జీటీఎఫ్ఎస్-ఫ్లెక్స్ అని 2024లో చేర్చారు, మా ఒకటి-నొక్కండి దానికి కొంచెం దగ్గర. తీరిగ్గా చూడాలి. స్టాపులు మాత్రం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో (ఎవరైనా ఎక్కించగలిగే ఉచిత మ్యాపు) తెలుగు పేర్లతో ఎక్కించేశా, చుట్టుపక్కల ఊళ్ళవీ కలిపి, అవి ఎవరికైనా పనికొస్తాయి.

మార్చి, ఖర్చు

అందరూ బోర్డు ఎంతయిందని అడుగుతారు. బోర్డుది ఒక్కసారే, అసలు ఖర్చు సిమ్ములు. ఒక్కో సిమ్ముకీ నెలకి రెండొందల దాకా రీఛార్జి, వాడే డేటా చూస్తే అందులో వందో వంతు కూడా ఉండదు. యంత్రాల కోసం 13 అంకెల ఎం2ఎం నంబర్లు వేరే ఉన్నాయి, ప్లాన్లు చవక, కానీ అవి కంపెనీలకి ఇచ్చేవి, నాలాంటోడికి ఒకటీ రెండూ ఇవ్వరు. ఒక మనిషి పేరు మీద 9 సిమ్ముల దాకానే ఉండొచ్చు, నావి, ఇంట్లోవి, ఆటోలవి కలిపితే దాదాపు అక్కడికొచ్చేశా. స్టాండు వాళ్ళు సీరియల్ డబ్బుల్లోంచి (వరసలో బండి పెట్టడానికి స్టాండులో కట్టేవి) రీఛార్జి పెట్టుకుంటామని వాళ్ళే అన్నారు, ఏ ఆటో సిమ్ము ఆ డ్రైవర్ పేరు మీదకి మార్చేస్తున్నాం. ఇలా చేస్తే నేను ఊళ్ళో లేకపోయినా నడుస్తది.

ఇంకా మిగిలినవి. ఫోన్ బాక్సు ఒక్కసారికి ఒక్కరినే ఎత్తగలదు, పొద్దున 7 నుంచి 8 మధ్యలో ఎంగేజ్ ఎక్కువ వస్తుందని తిడుతున్నారు, రెండో సిమ్800ఎల్ డబ్బాలో ఉంది, ఫస్టుది బిజీ అయితే దానికి ఫార్వర్డ్ అయ్యేలా పెట్టాలి. ఎండలు మొదలయ్యాయి, ఆటోలో మూతేసిన బాక్సులో లిథియం సెల్లు ఉండటం నాకు ఇష్టం లేదు, దాన్ని ఇంజిన్ వైపు నుంచి ముందుకి మార్చి, వేడెక్కితే ఛార్జింగ్ ఆపేసేలా చిన్న థర్మిస్టర్ (వేడి పసిగట్టే పార్టు) పెట్టే పనిలో ఉన్నా. వేజెండ్ల వైపు ఆటో స్టాండు వాళ్ళు కూడా అడిగారు, వాళ్ళకి గేటు రెండు వైపులా స్టాపులున్నాయి, అక్కడ గేటు దగ్గర ఆగడం అంటే గేటు పడినట్టేనా, జనం ఎక్కుతున్నట్టా అన్నది ఈ కోడ్‌తో తేలదు. ఆదివారం వెళ్ళి ఒక బోర్డు ఊరికే తిప్పి డేటా తెస్తా, అది చూశాక రాస్తా.